ఎడమ లీవర్ మీద 29 నొక్కులు: ఒక చైన్‌రింగా, రెండా?

సైకిళ్ళు బాగుచేసే పనిలో ఉన్నవాళ్ళకి కొన్నేళ్ళుగా తరచూ వినిపించే మాట ఒకటుంది: "ముందు ఒక చైన్‌రింగ్ చాలండీ, రెండోది పీకెయ్యండి." చైన్‌రింగ్ అంటే పెడల్స్ దగ్గర చైన్‌ని లాగే పళ్ళ చక్రం. కొందరికి ఆ సలహా నిజంగా మంచిదే, కొందరికి దండగ. ఈ కేసులో నేను సరైన నిర్ణయానికే వచ్చాను గానీ దాన్ని తప్పుగా అమలు చేశాను. ఆ తప్పు వల్ల వచ్చిన ఇబ్బంది చూసి, అసలు నిర్ణయమే తప్పనుకుని వెనక్కి వెళ్ళబోయాను. అందుకే దీన్ని రాసి పెడుతున్నాను. రాయడానికి సైకిల్ యజమాని ఒప్పుకున్నారు. ఆవిణ్ణి గుర్తుపట్టే వివరాలు తీసేశాను, అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

నేపథ్యం

ఆవిడ వయసు నలభైల్లో. వారానికి ఐదు రోజులు ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తారు, ఒక్కో వైపు 11 కిలోమీటర్లు. దారిలో రెండు ఫ్లైఓవర్లు, మధ్యలో చెట్టూ గోడా లేని నాలుగు కిలోమీటర్ల రోడ్డు. అక్కడ గాలి ఎదురైతే ప్రాణం మీదికొస్తుంది, వెనకనుంచి వీస్తే కాలు ఆనించకుండానే పోతున్నట్టుంటుంది. వెనక క్యారియర్ మీద ల్యాప్‌టాప్ బ్యాగు. నెలకోసారి స్నేహితులతో కలిసి ఒక ఘాట్ రోడ్డు ఎక్కుతారు: ఏడు కిలోమీటర్ల ఎక్కుడు, చివరి కిలోమీటరు దాదాపు 10 శాతం వాలు. పోటీలకు వెళ్ళరు, స్పీడు మీద మోజు లేదు.

సైకిల్‌కి డ్రాప్ హ్యాండిల్, డిస్క్ బ్రేకులు, 700×32 టైర్లు. ముందు 50, 34 పళ్ళ రెండు చైన్‌రింగ్‌లు, అంటే కాంపాక్ట్ జత. వెనక చక్రానికి 11 కాగ్‌ల క్యాసెట్, అంటే 11 చిన్న పళ్ళ చక్రాల గుత్తి. వాటి పళ్ళు: 11-12-13-14-16-18-20-22-25-28-32. ఎడమ లీవర్ ముందు రింగ్‌ని మారుస్తుంది, కుడి లీవర్ వెనక కాగ్‌ని. రోడ్ సైకిళ్ళతో ఫ్యాక్టరీ నుంచి మామూలుగా వచ్చే ఏర్పాటే ఇది. దీంట్లో లోపమేదీ లేదు. కాకపోతే ఎవరి కోసం పెట్టిన ఏర్పాటు, ఎవరు తొక్కుతున్నారు అన్నదే ప్రశ్న.

వచ్చిన సమస్య

"వారానికి రెండుసార్లు చైన్ పడిపోతోంది. చేతులు నల్లగా చేసుకుని మీటింగ్‌లో కూర్చోవాల్సొస్తోంది. ముందు గేర్ తీసేయండి, నాకు కుడి చేతి లీవర్ ఒక్కటే చాలు." వస్తూనే అన్న మాట ఇది.

నాకు ఒక అలవాటుంది. మనిషి చెప్పే పరిష్కారం పక్కన పెట్టి సైకిల్‌ని చూస్తాను. బాటమ్ బ్రాకెట్ (పెడల్స్ ఇరుసు ఉండే చోటు) పైన ఫ్రేమ్ రంగు లేచిపోయి గీతలున్నాయి, అంటే చైన్ లోపలి వైపుకి పడుతోంది. చైన్‌ని ఒక రింగ్ నుంచి ఇంకో రింగ్‌కి జరిపే ఫ్రంట్ డిరైలర్ కేజ్ పెద్ద రింగ్ పళ్ళకి ఆరు మిల్లీమీటర్ల ఎత్తున ఉంది. ఉండాల్సింది ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. పైగా కొంచెం వంకరగా తిరిగి ఉంది. చైన్ అరిగి ఎన్ని శాతం సాగిందో చూపే గేజ్ 0.75 వైపు కూడా సులువుగా దిగింది. పదకొండు కాగ్‌ల సైకిల్‌కి 0.5 దగ్గరే చైన్ మార్చేయడం మంచిది.

ఇంకొకటి కూడా చూశాను, అది అప్పుడు పట్టించుకోలేదు. క్యాసెట్‌లో 20 నుంచి 28 వరకు కాగ్‌ల పళ్ళు అద్దంలా మెరుస్తున్నాయి. 11, 12 కాగ్‌ల మీద నల్లటి దుమ్ము గడ్డకట్టి ఉంది, ఫ్యాక్టరీ రాపిడి గుర్తులు కూడా పోలేదు. ముందు మాత్రం రెండు రింగ్‌లూ సమానంగా అరిగాయి. ఊళ్ళో తిరిగే చాలా సైకిళ్ళలో ఏదో ఒక రింగే ఎక్కువ అరుగుతుంది. ఆవిడ రెండిటినీ సమానంగా వాడుతున్నారన్నమాట. ఎందుకు అని అక్కడే అడగాల్సింది.

మొదట చేసింది: రిపేరు

పార్టులు మార్చే ముందు ఉన్నవి సరిగ్గా పనిచేసేలా చూడాలని నా పట్టు. చెడిపోయిన ఫ్రంట్ డిరైలర్‌ని చూసి టూబై (ముందు రెండు రింగ్‌ల ఏర్పాటు) మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. కేజ్‌ని దించి రింగ్‌కి సమాంతరంగా తిప్పాను, చైన్ లోపలికి పడకుండా ఆపే లో స్క్రూ బిగించాను, కేబుల్, చైన్ కొత్తవి వేశాను. స్టాండ్ మీద యాభైసార్లు అటూ ఇటూ మార్చినా చైన్ పడలేదు.

మూడు వారాలకి ఆవిడ మళ్ళీ వచ్చారు. చైన్ ఒక్కసారి కూడా పడలేదు. "కానీ పని తగ్గలేదండీ," అన్నారు. "దారంతా ఎడమ చెయ్యి నొక్కుతూనే ఉంటుంది. నొక్కగానే కాళ్ళు ఒక్కసారి గాల్లో తిరిగినట్టు అవుతాయి, వెంటనే కుడి చేత్తో సర్దుకోవాలి."

మామూలుగా ఇలాంటి మాట వింటే "అలవాటవుతుంది మేడమ్" అని పంపించేస్తాం. ఆ రోజు షాపు ఖాళీగా ఉండి మాట్లాడుతూ కూర్చున్నాం కాబట్టి ఒక పని చెప్పాను: ఫోన్‌ని ఎడమ లీవర్ వైపు తిప్పి బిగించి, ఆఫీసు దారి మొత్తం వీడియో తీసుకురమ్మన్నాను. 31 నిమిషాల వీడియో. వేగంగా తిప్పి లెక్కపెట్టాను. ఎడమ లీవర్ 29 సార్లు నొక్కారు, దాదాపు నిమిషానికి ఒకసారి. ప్రతి నొక్కు తర్వాత కుడి వైపు నుంచి రెండు మూడు క్లిక్కులు వినిపిస్తున్నాయి.

ఎందుకిలా? అప్పుడు కాగితం తీశాను. కుడికాలు అర నిమిషంలో ఎన్నిసార్లు కిందికొస్తుందో ఆవిడ చేతే లెక్కపెట్టించాను: 40. అంటే నిమిషానికి 80 చుట్లు. ఈ టైరు చుట్టుకొలత సుమారు 2.15 మీటర్లు. ముందు పళ్ళని వెనక పళ్ళతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని 10.3తో గుణిస్తే, 80 చుట్ల దగ్గర గంటకి ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. ఆవిడ రోజూ తొక్కేది 18 నుంచి 25 మధ్య.

పెద్ద రింగ్ మీద 50/22 అంటే 23.5 కిలోమీటర్లు, 50/25 అంటే 20.6, 50/28 అంటే 18.4. అంటే గాలి కొంచెం ఎదురైతే చాలు, చైన్ బయటి రింగ్ నుంచి లోపలి కాగ్‌ల వైపు ఏటవాలుగా సాగుతుంది. చిన్న రింగ్ మీద 34/18 అంటే 19.5, 34/16 అంటే 21.9, 34/14 అంటే 25.1. గాలి కలిసొస్తే చైన్ ఇటు నుంచి అటు ఏటవాలు. ఆవిడ మామూలు వేగం సరిగ్గా రెండు రింగ్‌లకీ మధ్య సరిహద్దు మీద పడింది. ఏ రింగ్‌లో ఉన్నా అది సగం దారికే సరిపోతుంది. పైగా 34 నుంచి 50కి వెళ్తే గేరు ఒక్కసారిగా 47 శాతం బరువెక్కుతుంది. దాన్ని సర్దడానికే కుడి వైపు ఆ రెండు మూడు క్లిక్కులు.

రెండు రింగ్‌లూ సమానంగా ఎందుకు అరిగాయో అప్పుడు అర్థమైంది. చైన్ పడటం రోగం కాదు, రోజుకి యాభై అరవై సార్లు మార్చడం రోగం. అన్నిసార్లు మార్చేచోట సెట్టింగ్‌లో ఏ చిన్న లోపమున్నా చైన్ పడక మానదు.

రెండో ప్రయత్నం: వన్‌బై (ముందు ఒక్క రింగ్), నా పొరపాటు

ఆవిడ మొదట అడిగినదే సబబని ఇప్పుడు అనిపించింది. కొండ నుంచి రోడ్డు దాకా ఒక్క రింగ్‌తో నడపడం కొత్త సంగతేమీ కాదు. 2012లో స్రామ్ కంపెనీ ఎక్స్‌ఎక్స్1 పేరుతో 10–42 క్యాసెట్ తెచ్చాక కొండ సైకిళ్ళలో ఫ్రంట్ డిరైలర్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. 2019లో షిమానో కంపెనీ జీఆర్‌ఎక్స్ సిరీస్ వచ్చాక, ఆ కంపెనీ డ్రాప్ హ్యాండిల్ లీవర్లతోనూ 42 పళ్ళ కాగ్ దాకా వెళ్ళే రియర్ డిరైలర్ (వెనక కాగ్‌ల మీద చైన్‌ని జరిపేది) దొరికింది.

ఇక్కడ పార్టుల గురించి ఒక మాట, ఎందుకంటే చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. షిమానో 11 కాగ్‌ల రోడ్ లీవర్లకీ, అదే కంపెనీ 11 కాగ్‌ల కొండ సైకిల్ డిరైలర్లకీ కేబుల్ లాగే కొలత కలవదు. కాబట్టి రోడ్ లీవర్‌తో నడిచే, జీఆర్‌ఎక్స్ సిరీస్‌లోని ఆర్‌ఎక్స్812 డిరైలర్ తీసుకున్నాను. దానికి క్లచ్ ఉంటుంది, గతుకుల్లో చైన్ ఊగకుండా పట్టుకుంటుంది. క్యాసెట్ 11–42: 11-13-15-17-19-21-24-28-32-37-42. ఇది కొండ సైకిల్ క్యాసెట్ కాబట్టి రోడ్ హబ్ మీద ఎక్కించేటప్పుడు వెనక 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ వెయ్యాలి. మర్చిపోతే ఎంత బిగించినా క్యాసెట్ లొటలొటలాడుతుంది. ముందు నారో-వైడ్ రింగ్, అంటే ఒక పన్ను సన్నగా, ఒకటి లావుగా ఉండేది. చైన్ లింకుల సందులూ అలాగే ఒకటి ఇరుకు, ఒకటి వెడల్పు కాబట్టి పట్టు గట్టిగా ఉంటుంది.

ఇక రింగ్ ఎన్ని పళ్ళు? నా లెక్కంతా కొండ చుట్టూ తిరిగింది. ఘాట్ చివరి కిలోమీటర్లో ఆవిడ వేగం గంటకి ఆరున్నర కిలోమీటర్లు. పాత 34/32 మీద అది నిమిషానికి 47 చుట్లు, మోకాలు మీద బరువు. 36 రింగ్, 42 కాగ్ పెడితే అదే వేగానికి 59 చుట్లు అవుతాయి. బాగుంది కదా అనుకున్నాను. రింగ్‌ని క్రాంక్‌కి (పెడల్ బిగించే కడ్డీకి) లోపలి వైపు బిగించాను, పెద్ద కాగ్‌లకి చైన్ నేరుగా వెళ్తుందని. అన్నీ కొండకి అనుకూలంగా చేశాను.

కొండ ఆవిడకి నెలకోసారి. ఆఫీసు నెలకి ఇరవైసార్లు.

రెండు వారాల తర్వాత ఫిర్యాదు ఇలా వచ్చింది: "ఎడమ చేతికి విశ్రాంతి దొరికింది, కొండ హాయిగా ఎక్కాను. కానీ రోజూ దారిలో ఒక గేరు మిస్సయినట్టుంది. ఒకటి తేలిక, తర్వాతది బరువు. చైన్ కూడా కిరకిరమంటోంది."

వన్‌బైకి అందరూ పెట్టే పేరే ఇది, గేర్ల మధ్య ఖాళీ ఎక్కువని. నేనూ అదే నమ్మాను. ఆ రాత్రి డ్రాయర్‌లోంచి ఆవిడ పాత ఫ్రంట్ డిరైలర్ తీసి బల్ల మీద పెట్టుకున్నాను కూడా, తిరిగి బిగించేద్దామని.

వెనక్కి వెళ్ళకుండా ఆపింది

ఆపింది మళ్ళీ కాగితమే. పాత క్యాసెట్‌లో ఆవిడ వాడిన కాగ్‌లు 25-22-20-18. వాటి మధ్య అంగలు, అంటే ఒక కాగ్ నుంచి పక్కదానికి మారితే గేరు బరువెక్కే కొలత, 13.6, 10, 11.1 శాతం. కొత్త క్యాసెట్‌లో 24-21-19-17 మధ్య అంగలు 14.3, 10.5, 11.8 శాతం. చూడండి, పెద్ద తేడా లేదు! కాలికి తెలిసేంత అసలే కాదు. మరి గేరు మిస్సయిందని ఎందుకనిపించింది?

36 రింగ్‌తో ఆవిడ 24-21-19-17 దగ్గర లేరు కాబట్టి. 36/17 అంటే 21.9 కిలోమీటర్లు, 36/15 అంటే 24.8, గాలి కలిసొస్తే 36/13, అంటే 28.6. కొండ కోసం రింగ్ చిన్నది పెట్టి, రోజువారీ తొక్కుడునంతా క్యాసెట్ చిన్న కొసకి తోసేశాను. అక్కడ అంగలు 13.3, 15.4 శాతం. క్యాసెట్ ఏదైనా అంతే: ఒక పన్ను తేడా 20 దగ్గర ఐదు శాతం, 11 దగ్గర తొమ్మిది శాతం. చిన్న కాగ్‌ల దగ్గర రెండేసి పళ్ళ అంగ వేస్తే కాలికి తగులుతుంది.

కిరకిరకి కారణం వేరే అని అనుమానం వచ్చింది. రింగ్ లోపలి వైపు, కాగ్ బయటి కొసన. చైన్ ఏటవాలుగా పోతోంది, పైగా 13 పళ్ళ కాగ్ మీద చైన్ ఒక్కో లింకు దగ్గర ఎక్కువ వంగాలి. ఆ గరుకుతనం పాదానికి తెలుస్తుంది. "బరువుగా ఉంది" అని ఆవిడ అన్నదాంట్లో కొంత గేరు బరువు, కొంత ఈ గరుకు. రెండూ కలిసిపోయి ఒకే ఫిర్యాదుగా వచ్చాయి.

ఇలాంటప్పుడు రెండూ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలీదు. అందుకని మొదట రింగ్ పళ్ళ జోలికి పోలేదు. అదే 36 రింగ్‌ని విప్పి క్రాంక్‌కి బయటి వైపు బిగించాను. ఆ రెండు చోట్ల మధ్య దూరం కొద్ది మిల్లీమీటర్లే, ఐదు బోల్టుల పని. వారం తొక్కి చెప్పమన్నాను. వారం తర్వాత జవాబు: చప్పుడు చాలావరకు పోయింది, ఫ్లైఓవర్ దిగేటప్పుడు, గాలి వెనకనుంచి ఉన్నప్పుడు మాత్రం గేరు మిస్సయినట్టే ఉంది. మామూలు దారిలో ఆ ఫిర్యాదు సగం తగ్గింది. అంటే ఆ సగం గేర్ల మధ్య ఖాళీ కాదు, చైన్ వంకర.

ఇక మిగిలిన సగానికి ఏం చెయ్యాలని ముగ్గురి ముందు కూర్చున్నట్టు మూడు దారుల ముందు కూర్చున్నాను.

మొదటిది 12 కాగ్‌ల 10–51 క్యాసెట్. కాగ్ ఒకటి ఎక్కువ కాబట్టి ఖాళీలు తగ్గుతాయని ఎవరికైనా అనిపిస్తుంది. వరస చూస్తే 10-12-14-16-18-21-24-28-33-39-45-51. ఆవిడ తిరిగే చోట, 21 నుంచి 18కి, అంగ 16.7 శాతం. గేర్లు పెరిగాయి, ఆవిడకి కావలసిన చోట మాత్రం ఖాళీ ఇంకా పెరిగింది! పైగా హబ్ మీద క్యాసెట్ ఎక్కే ఫ్రీహబ్ బాడీ మార్చాలి, లీవర్లు మార్చాలి. దాన్ని పక్కన పెట్టేశాను.

రెండోది 46/30 జతతో తిరిగి టూబై. నిజం చెప్పాలంటే ఇది చాలా మంచి దారి. 46 రింగ్ మీద పాత 11–32 క్యాసెట్‌తో 28 కాగ్ నుంచి 16 కాగ్ వరకు 17 నుంచి 30 కిలోమీటర్లు. ఆవిడ ఆఫీసు దారంతా పెద్ద రింగ్ మీదే, క్యాసెట్ నడుమన, అయిపోయేది. చిన్న రింగ్ కొండ వచ్చినప్పుడే. సరిహద్దు ఆవిడ వేగం నుంచి కిందికి జరిగిపోయేది. 50/34తో పడ్డ బాధ టూబై బాధ కాదు, ఆ రెండు అంకెల బాధ అని దీంతో తేలింది. కానీ ఆవిడ క్రాంక్ 30 పళ్ళ రింగ్‌ని పట్టదు. క్రాంక్ మొత్తం, దానికి తగ్గ ఫ్రంట్ డిరైలర్ కొనాలి. కొండ మీద లాభం చూస్తే 30/32 నిష్పత్తి 0.94.

మూడోది 40 రింగ్, ఉన్న 11–42 క్యాసెట్‌తోనే. 40/42 నిష్పత్తి 0.95. రెండో దారికీ దీనికీ కొండ మీద తేడా వేలెడు కూడా లేదు. రోజువారీ వేగాలు: 40/24 అంటే 17.2, 40/21 అంటే 19.7, 40/19 అంటే 21.7, 40/17 అంటే 24.3, 40/15 అంటే 27.5. ఆవిడ వేగమంతా క్యాసెట్ నడుమకి వచ్చేసింది. పోయేది రెండు చోట్ల. కొండ చివర నిమిషానికి 59 చుట్లు కాస్తా 53 అవుతాయి. అయినా మొదటి 47 కన్నా నయమే. దిగుడులో 40/11 మీద 90 చుట్లు తొక్కితే 42 కిలోమీటర్లు. ఆపైన ఆవిడ ఎలాగూ తొక్కడం మానేసి బ్రేకుల మీద చేతులు పెట్టుకుంటారు.

38 కూడా తప్పేం కాదు, బహుశా కాగితం మీద అదే ఇంకొంచెం బాగుంటుంది. కానీ నా దగ్గర ఇంకో సైకిల్ నుంచి తీసిన 40 రింగ్ ఉంది. కొనిపించకుండా పరీక్ష చెయ్యొచ్చని అదే పెట్టాను.

చైన్ సంగతి చెప్పాలి. ముందు రింగ్‌కి నాలుగు పళ్ళు పెరిగితే చైన్ దాని చుట్టూ సగమే తిరుగుతుంది కాబట్టి రెండు లింకుల పొడవు ఎక్కువ కావాలి. 36కి కత్తిరించిన చైన్‌ని అలాగే 40 మీద వేసి 42 కాగ్‌కి ఎక్కించి చూశాను. డిరైలర్ కేజ్ ముందుకి నిగడదన్ని, పళ్ళు బిగపట్టినట్టు వణికింది. అదే రోడ్డు మీద అయితే డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ విరిగేది. కొత్త చైన్ కొలిచి వేశాను. అది ఆవిడ బిల్లులో పడలేదు, నా పొరపాటు ఖాతాలో పడింది.

ఆ తర్వాత

మొదటి వారం ఫోన్ రాలేదు. అదే మంచి కబురనుకున్నాను. నెల తర్వాత ఘాట్ ఎక్కి వచ్చి చెప్పారు: చివరి కిలోమీటరు 36తో ఉన్నంత తేలిక కాదు, అయినా కాలు కింద పెట్టలేదు. గేరు మిస్సయిందన్న మాట మళ్ళీ రాలేదు. గాలి గట్టిగా వెనకనుంచి వీచే రోజుల్లో మాత్రం 15కీ 13కీ మధ్య "ఇంకోటుంటే బాగుండు" అంటారట. అది నిజమైన ఖాళీయే, 15.4 శాతం. దాన్ని నేను తీర్చలేదు. నెలలో రెండు మూడు రోజుల సంగతి కాబట్టి ఆవిడ సర్దుకున్నారు.

నాలుగు నెలలకి సర్వీసుకి వచ్చినప్పుడు క్యాసెట్ చూశాను. 21, 19, 17 మెరుస్తున్నాయి, వాటికి రెండు వైపులా ఒక్కొక్కటి కాస్త తక్కువగా. 42 కాగ్ మీద నెలకోసారి వాడిన గీతలు. 11 మీద దుమ్ము. మొదటి రోజు పాత క్యాసెట్ కూడా సరిగ్గా ఇలాగే తన కథ చెప్పింది. నేనే చదవలేదు. ఇప్పుడు ఎవరొచ్చి చైన్‌రింగ్‌ల గురించి అడిగినా ముందు టార్చి వేసి కాగ్‌లు చూస్తాను, తర్వాతే మాట్లాడతాను. మొత్తం రేంజ్, అంటే అన్నిటికన్నా తేలిక గేరుతో పోలిస్తే అన్నిటికన్నా బరువు గేరు ఎన్ని శాతం అనే లెక్క చివర్లో వేస్తున్నాను. ఆవిడ పాత ఏర్పాటుకి అది 428 శాతం, ఇప్పటిదానికి 382. తగ్గింది. తగ్గినదంతా ఆవిడ ఎప్పుడూ ముట్టని కొసన తగ్గింది.

గేర్ల విషయంలో మనుషుల పట్టుదల ఇప్పటిది కాదు లెండి. టూర్ డి ఫ్రాన్స్‌లో 1937 దాకా డిరైలర్లకే అనుమతి లేదు. కొండ కింద ఆగి, వెనక చక్రం ఊడదీసి, రెండో వైపు తిప్పి బిగించుకునేవాళ్ళు. వాళ్ళకి మా ఈ 40, 38 తర్కం చెబితే నవ్వుతారు.

ఆవిడ సైకిల్ చూసి వాళ్ళ తమ్ముడు వచ్చాడు. ఆదివారాలు గుంపుతో 30 నుంచి 38 కిలోమీటర్ల వేగంలో తొక్కే మనిషి, కేడెన్స్ (నిమిషానికి పెడల్ చుట్లు) 90. "అక్కకి చేసినట్టే నాకూ చేసెయ్యండి." సైకిల్ అదే తరహా, 50/34, 11–32. అతని చేత కూడా వీడియో తీయించాను. 60 కిలోమీటర్లలో ఎడమ లీవర్ మూడుసార్లు కదిలింది. క్యాసెట్ మీద మెరుపు 14, 16, 18, 20 దగ్గర. అక్క ఏర్పాటు ఇతనికి పెడితే 15-13-11 మీద పడతాడు, అంగలు 15, 18 శాతం. గుంపులో ముందువాడి చక్రం వెనక ఉండాలంటే వేగం అతని చేతిలో ఉండదు, ఎంత తేడా వస్తే అంత కాళ్ళు సర్దుకోవాలి. మూడు నొక్కులు తప్పించడానికి అంత బాధ ఎందుకని అడిగాను. కాసేపు వాదించాడు. తర్వాత తన సైకిల్‌ని తనే స్టాండ్ మీద పెట్టి, పెడల్ తిప్పుతూ కాగ్‌ల వైపు చూశాడు.

చైన్ గేజ్ మాత్రం దిగింది. అది మార్పించుకుని వెళ్ళాడు.